అరవై రెండేళ్ల పెరుగు

మూడేళ్లుగా మా ఆఫీసుకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అదే మా కొంప ముంచింది.

గడువు దాటిన సరుకు జనం నోట్లోకి పోకుండా చూడడం మా ఆఫీసు పని. బోర్డు మీద 'ఆహార కాలపరిమితి నియంత్రణ కార్యాలయం' అని ఉంటుంది. ఊళ్లోవాళ్లు డేట్ల ఆఫీసు అంటారు. ఫిర్యాదులు రావడం లేదంటే ఊరంతా మంచి తిండి తింటోందని మేం అనుకున్నాం. మేం నిద్రపోతున్నామని పై ఆఫీసువాళ్లు అనుకున్నారు. ఫిబ్రవరి మొదట్లో తాఖీదు వచ్చింది. పదిహేను రోజులపాటు 'తేదీ పక్షోత్సవాలు' జరపాలి. 'తేదీ చూడు, తర్వాతే తిను' అని గోడల మీద రాయించాలి. ఒక్కో ఆఫీసు ఇరవై అయిదు కేసులు పెట్టాలి. ఊళ్లో ఇరవై అయిదు నేరాలు జరగకపోతే ఏం చెయ్యాలో మాత్రం తాఖీదులో రాయలేదు.

నేను ఈ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. కాంట్రాక్టు మీద. పదిహేడేళ్లుగా కొత్తగా చేరుతున్నాను. ఏటా మార్చి ముప్పై ఒకటిన నన్ను విధుల్లోంచి తప్పిస్తారు. ఏప్రిల్ ఒకటిన ఇంట్లో కూర్చుంటాను. రెండున కొత్తగా చేరతాను. మధ్యలో ఆ ఒక్క రోజు ఖాళీ లేకపోతే నేను పాతవాణ్ణయిపోతాను. పాతవాణ్ణయితే పర్మినెంటు చెయ్యమంటాను. అంత ప్రమాదం రాకుండా ప్రభుత్వం ముందుజాగ్రత్త పడింది. నా పేరు తాతారావు. సర్వీసు ప్రకారం నాకు ఎన్నడూ ఏడాది నిండలేదు.

మా నియంత్రణాధికారి త్రివిక్రమరావు గారు చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, గొంతు పెంచరు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. కాగితం మీద ఉన్నదాన్ని నమ్ముతారు. బయట వాన కురుస్తుంటే కిటికీ తెరిచి చూడరు, ఇవాళ వాన ఉందో లేదో పేపర్లో చూస్తారు.

పక్షోత్సవాల మొదటి రోజు ఆయన అరటిపళ్ల బండి దగ్గర ఆగి, గెల మీద తేదీ ఏదని అడిగారు.

"తొక్క మీద మచ్చలొత్తే మగ్గినట్టండి. నల్లబడితే అయిపోయినట్టండి. అదే డేటు," అన్నాడు బండివాడు.

"తొక్క అధికారిక పత్రం కాదు," అన్నారు త్రివిక్రమరావు గారు. నా చేత కేసు రాయించారు.

రెండో రోజు బియ్యం కొట్టుకు వెళ్లాం. అక్కడ కొత్త బియ్యం కన్నా పాత బియ్యం రేటు ఎక్కువని తెలిసి ఆయన నిర్ఘాంతపోయారు. "సరుకు ఎంత పాతదైతే అంత ఎక్కువ ధరా? ఇంత బహిరంగంగానా?" అని షావుకారును నిలదీశారు. "కొత్త బియ్యం ముద్దయిపోతాయండి, తమ ఇంట్లో కూడా పాతవే వండుతారండి," అన్నాడు షావుకారు. ఆ రెండో ముక్క రాయొద్దన్నారు నాతో.

ఇలా పదమూడో రోజుకి పదకొండు కేసులయ్యాయి. ఇంకా పద్నాలుగు కావాలి. రెండు రోజులే ఉన్నాయి. ఆ పూట కాలువ లాకుల దగ్గర జీపు ఆగినప్పుడు, ఎదురుగా చెల్లాయమ్మ పెరుగు కొట్టు బోర్డు కనపడింది.

'చెల్లాయమ్మ కుండ పెరుగు. అరవై రెండేళ్లుగా ఒకే తోడు.'

త్రివిక్రమరావు గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు.

చెల్లాయమ్మకు యాభై దాటి ఉంటాయి. మొగుడు పోయాక రెండు గేదెలతో ఆ కొట్టు నడుపుకుంటోంది. లాకుల దగ్గర పడవ రేవు పోయింది, బస్టాండు వచ్చింది, కొట్టు మాత్రం అలాగే ఉంది. జీపు దిగిన మమ్మల్ని చూసి ఆవిడ రెండు ముంతలు కడిగి ముందు పెట్టింది.

"ఈ బోర్డు మీరే రాయించారా?" అన్నారు సారు.

"మా ఆయన రాయించాడండి. రంగెలిసిపోతే ఈ ఏడు అంకె మార్చి నేనే మళ్లీ ఏయించాను."

"అంటే, ఈ పెరుగులో అరవై రెండేళ్ల నాటి పదార్థం కలిసి ఉన్నదని మీరు అంగీకరిస్తున్నారు."

"కలవకెక్కడికి పోద్దండీ?" ఆవిడ మొహం వెలిగిపోయింది. "మా అత్తగారు కాపరానికొత్తా పుట్టింటినించి ముంతలో తెచ్చుకున్న తోడండి. ఒక్క రోజు తప్పలేదు. గాలివానకి ఇల్లు కూలిపోతే, ఆవిడ సామానంతా ఒగ్గేసి ఈ ముంత ఒళ్లో ఎట్టుకుని బడి మేడెక్కిందంట. నిన్నటి పెరుగుతో ఇయ్యాళ, ఇయ్యాళ పెరుగుతో రేపు. ఆ తోడే, ఆ రుచే."

గర్వంగా చెప్పుకుంది పిచ్చితల్లి. సారు నా వైపు తిరిగి "నేరాంగీకారం, రాసుకో" అన్నారు.

మా నిబంధనల పుస్తకంలో పద్నాలుగో నిబంధన ఉంది. పాత పిండిలో కొత్త పిండి కలిపి అమ్మేవాళ్ల కోసం రాసింది. 'గడువు తీరిన పదార్థము ఏ మోతాదులో కలిసినను, ఆ మొత్తము పదార్థమునకు ఆ పాత తేదీయే వర్తించును.' రాసినవాళ్లు పిండి గురించి ఆలోచించారు. పెరుగు ఎలా పుడుతుందో వాళ్ల వంటింట్లోవాళ్లకు తెలుసు గానీ, వాళ్లకు తట్టలేదు.

"పెరుగు గడువు రెండు రోజులు," అని సారు చెల్లాయమ్మకు ఓపిగ్గా చెప్పారు. "మీ తోడు తయారైంది అరవై రెండేళ్ల క్రితం. కాబట్టి ఈ పెరుగు గడువు తీరి అరవై రెండేళ్లయింది, రెండు రోజులు తక్కువ."

"పొద్దున్న తోడుకున్న పెరుగండి ఇది! వాసన సూడండి. ఓ సెంచాడు నోట్లో ఏసుకోండి. పాడైతే ముక్కే సెప్పదా?"

"ముక్కు లిఖితపూర్వకంగా చెప్పదు," అన్నారు సారు.

పంచనామా రాశాం. పదకొండు కుండల్లో పదింటిని కాలువలో పోయించారు. ఇంట్లో ఉట్టి మీది గిన్నె కూడా వదల్లేదు. సాక్ష్యం కోసం నాలుగు లీటర్ల కుండ ఒకటి మూతికి గుడ్డ కట్టి, లక్కతో సీలు వేసి జీపులో పెట్టించారు. కొట్టు తలుపుకు మా తాళం పడింది.

చెల్లాయమ్మ అంతసేపూ గొడవ చెయ్యలేదు. జీపు కదులుతుంటే మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కొట్టు మూసేత్తే మూసేశారు. ఓ గరిటెడు తోడు నాకిచ్చేయండి బాబూ. కొట్టు ఎప్పుడైనా తెరుచుకుంటాను. అది సచ్చిపోతే మళ్లీ పుట్టదు."

"గడువు తీరిన వస్తువును ప్రజలకు అందజేయుట నేరం," అన్నారు సారు ముందు సీట్లోంచి.

కుండ కాపలా నా నెత్తిన పడింది. పర్మినెంటువాళ్లు సాక్ష్యాల జోలికి పోరు. ఏదైనా పోతే వాళ్ల పింఛనుకు ఎసరొస్తుంది. నాకు ఆ భయం లేదు కనుక నాకు అప్పగించారు. కస్టడీ రిజిస్టరు మొదటి పేజీలో ఒక నియమం అచ్చు వేసి ఉంది. 'స్వాధీనపరచుకొన్న వస్తువును స్వాధీనపరచుకొన్న స్థితిలోనే భద్రపరచవలెను. స్థితిలో మార్పు వచ్చినచో సంరక్షకుడే బాధ్యుడు.'

రెండో రోజుకి కుండ పులిసింది. మూడో రోజు గుడ్డ పైకి నురగ వచ్చింది. రికార్డు రూములో కూర్చోలేకపోయాం. మా సూపరింటెండెంటు కామేశ్వరి గారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పంచనామా తీసి చదివారు. ఈ ఆఫీసులో రూల్సన్నీ నోటికి వచ్చిన మనిషి ఆవిడొక్కరే.

"స్వాధీనం చేసుకున్న స్థితి, 'తెల్లగా, గట్టిగా, మీగడ కట్టి, కమ్మని వాసనతో' అని నువ్వే రాశావు తాతారావూ. ఇప్పుడది కమ్మగా ఉందా?"

"లేదండి."

"అయితే నీ ఉద్యోగం ఉందా?"

ఆ సాయంత్రం నేను చెల్లాయమ్మ ఇంటికి పరిగెత్తాను. పెరుగు స్వాధీనం చేసుకున్న రోజులాగే ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం సేత్తారు? పాలు కాసి తోడెయ్యాలి. పైన పులిసిందంతా తీసి పారబోసి, అడుగున్నది సెంచాడు తియ్యి. పాలు గోరువెచ్చగా ఉండాల. ఏలు పెడితే సురుక్కుమనకూడదు, సల్లగానూ ఉండకూడదు." అంటూనే లోపలికి వెళ్లి పాలు కాచి క్యానులో పోసుకుని వచ్చింది. "పద. దీపాలెట్టేసరికి అయిపోవాల."

మా ఆఫీసు వెనక వరండాలో, నేను సీలు తీస్తుంటే ఆవిడ చెప్పింది, నేను చేశాను. ముట్టుకోవడానికి ఆవిడకు అధికారం లేదు మరి. తెల్లారి చూస్తే కుండ నిండా పెరుగు, తెల్లగా, గట్టిగా, మీగడ కట్టి ఉంది. పంచనామాలో రాసినది రాసినట్టు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి చెల్లాయమ్మ ప్రతి సాయంత్రం పాలు తెచ్చేది. నేను సీలు తీసి తోడుపెట్టి మళ్లీ సీలు వేసి, రిజిస్టర్లో 'తనిఖీ చేయడమైనది, స్థితిలో మార్పు లేదు' అని రాసేవాణ్ణి.

ఈలోగా త్రివిక్రమరావు గారికి అసలు సంగతి తట్టింది. మా ఊళ్లో ఎవరింట్లో తోడు లేకపోయినా గిన్నె పట్టుకుని చెల్లాయమ్మ కొట్టుకే వెళ్తారు. ఆవిడ చెంచాడు వేసి పంపుతుంది. ఆ ఇంటి నుంచి పక్కింటికి, అక్కడి నుంచి ఆ పైవీధికి. అంటే ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అరవై రెండేళ్ల పెరుగే.

"ఇది ఒక కొట్టు కాదయ్యా, ఒక వంశం!" అన్నారు సారు. గోడకు ఎనిమిది అడుగుల కాగితం అంటించి, 'తోడు వంశవృక్షం' గీయించారు. ఎవరు ఎవరికి తోడిచ్చారో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చాం. ఇరవై అయిదు కేసులు కావలసినచోట పదకొండు వందల నలభై అయ్యాయి. రెండు రోజులు ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మూడో రోజు వంశవృక్షం కొమ్మ ఒకటి ఆఫీసర్ల కాలనీలోకి, అందులో రెండో లైనులోకి, చివరికి ఆయన ఇంట్లోకే వెళ్లింది.

కాగితాన్ని నమ్మిన మనిషి కాబట్టి వెనక్కి తగ్గలేదు. శ్రీమతి గారికి నోటీసు మీద సంతకం పెట్టారు. అందజేయడానికి నేనే వెళ్లాను. ఆవిడ నిలబడి చదివి, గిన్నెలో పెరుగు నా ఎదుటే తొట్టిలో పోసి, రసీదు మీద సంతకం చేశారు. "మీ సారుతో చెప్పండి, ఇవాళ్టి నుంచి చారుతో లేవమని," అన్నారు.

ఊరంతా అదే పరిస్థితి. ఎండలు ముదురుతున్నాయి. పెరుగన్నం తినకుండా విస్తరి మడవడం మావాళ్లకు చేతకాదు. భోజనం అయిందో లేదో తెలియక జనం కంచాల ముందు అలాగే కూర్చునేవారు. పక్క ఊరి తోడు తెచ్చుకుందామంటే అక్కడివాళ్లు, "మా తోడు వయసు మాకు తెలవదండీ, మీ ఆఫీసోళ్లొచ్చి లెక్కెడితే మా గతేం కాను?" అని దాచుకున్నారు.

నాలుగు రోజులు చూసి సారు బస్టాండులో ప్యాకెట్టు పెరుగు కొన్నారు. అంతకు ముందు రోజంతా ఊళ్లో కరెంటు లేదు. కవరు తలగడలా ఉబ్బింది. శ్రీమతి గారు దూరం నుంచే వాసన పట్టి వద్దన్నారట. ఆయన కవరు తిప్పి చూపించారట. "గడువు ఎల్లుండి దాకా ఉంది. ఇంకా రెండు రోజులు ఇది చెడిపోవడానికి వీల్లేదు."

రెండు రోజులూ ఆయన సెలవు పెట్టారు. సెలవు చీటీలో కారణం దగ్గర 'తేదీ గల పెరుగు భుజించుట వలన' అని నిజాయితీగా రాశారు. కామేశ్వరి గారు అది కొట్టేసి 'అనారోగ్యం' అని రాసి ఫైల్లో పెట్టారు.

సెలవులో ఉన్న రెండో రోజు సాయంత్రం ఒకావిడ చిన్న గిన్నె పట్టుకుని ఆఫీసు వెనక వరండాలోకి వచ్చారు. చూస్తే సారు శ్రీమతి గారు.

"ఊళ్లో బతికున్న తోడు మీ దగ్గరొక్కటే ఉందట కదా?"

సాక్ష్యం ఎలా ఇస్తాను? కామేశ్వరి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "పంచనామాలో ఎంత రాశావు తాతారావూ?"

"నాలుగు లీటర్లండి."

"ఇవాళ ఎంతుంది?"

పాలు పోసినకొద్దీ పెరుగుతుంది కదా. నాలుగున్నర ఉంది.

"పంచనామా ప్రకారం నాలుగుకు మించకూడదు. ఆ అర లీటరూ సాక్ష్యం కాదు. అది ఆఫీసులో ఉండడం అక్రమం. వెంటనే బయటికి పంపించెయ్."

మర్నాటికి వార్త ఊరంతా పాకింది. దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు కనుక నాలుగున్నరకే వరండా నిండిపోయేది. అందరి చేతిలో గిన్నెలు, పైన ఒక దరఖాస్తు. 'నిల్వ మిగులు పదార్థమును తొలగించుటలో సహకరించుటకు అనుమతి కోరుతూ' అని కామేశ్వరి గారే నమూనా రాసి గోడకు అంటించారు. మా ఆఫీసులో అయిదింటి దాకా సిబ్బంది ఉండడం ఊరు అప్పుడే మొదటిసారి చూసింది. సారు సెలవు నుంచి వచ్చాక ఈ రద్దీ చూసి పక్షోత్సవాల ప్రభావం అనుకున్నారు. ఇంట్లో మళ్లీ పెరుగన్నం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన అడగలేదు.

అందరూ తీసుకెళ్లారు గానీ చెల్లాయమ్మ ఒక్క చెంచా అడగలేదు. "నాకిత్తే దొంగతనమంటారు మళ్లీ," అనేది. "నా తోడుని నా కొట్లోనే సూసుకుంటాను. అందాకా నువ్వు సావనీకు, అంతే." పాల క్యాను పక్కన గడప మీద కూర్చుని, నేను తోడుపెట్టేదాకా చూసి వెళ్లేది. గేదెలకు దాణా తగ్గిందని, ఒకదాన్ని అమ్మెయ్యమని కొడుకు పోరుతున్నాడని, ఇంకో నెల కొట్టు తెరవకపోతే రెండోదీ ఉండదని ఒకసారి అంది. ఫిర్యాదుగా అనలేదు.

ల్యాబుకు నమూనా పంపడానికి సీసా కోసం ఇండెంటు పెట్టాం. ఇరవై మూడో రోజున సీసా వచ్చింది. ఆ రోజు కుండలోంచి తీసి పంపాం. మార్చి చివరి వారంలో రిపోర్టు వచ్చింది. 'నమూనా వయస్సు: సుమారు ఒక దినము. స్థితి: భుజించుటకు యోగ్యము. రుచి: చాలా బాగున్నది.' రుచి చూడమని మేం అడగలేదు.

వెనకే జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. 'మీరు స్వాధీనపరచుకొన్నది అరవై రెండు సంవత్సరముల పెరుగు. ల్యాబు పరీక్షించినది ఒక దినపు పెరుగు. ఈ రెండును ఒకటియేనా, వేరువేరా? ఒకటియే అయినచో పద్నాలుగో నిబంధన ప్రకారము సదరు పెరుగును, దాని తోడు సహా నిర్మూలించి, కొట్టు లైసెన్సు రద్దు చేయవలెను. వేరు అయినచో కేసు ఉపసంహరించవలెను. సంరక్షకుని వాంగ్మూలముతో మూడు దినములలో జవాబు పంపవలెను.'

సంరక్షకుణ్ణి నేనే.

సారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. పదిహేడేళ్లలో ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. "నువ్వు ఏది రాస్తే అదే నేనూ పంపుతాను. నీ చేత్తో పెంచిన పెరుగు. అది ఆ పెరుగేనా, కాదా?"

బయటికి రాగానే కామేశ్వరి గారు నన్ను పక్కకు లాగారు. ఆవిడ చేతిలో నా ఫైలు ఉంది. పోయిన ఏడాది నేను పెట్టుకున్న దరఖాస్తు నకలు అందులో ఉంది. మధ్యలో ఒక్కో రోజు ఆపినా నాది పదిహేడేళ్ల ఒకే సర్వీసేనని, పర్మినెంటు చెయ్యమని రాసింది. అసలుది జిల్లా కార్యాలయంలో, ఈ ఉత్తరం రాసిన అధికారి బల్ల మీదే ఉంది.

"ఒరే, సరిగ్గా విను," అన్నారావిడ. నన్ను ఎప్పుడూ ఒరే అనలేదు. "రోజూ ఆగి మళ్లీ మొదలైనా ఇది అరవై రెండేళ్ల ఒకే పెరుగు అని నువ్వు రాసి, వాళ్లు ఒప్పుకుంటే, ఏటా ఆగి మళ్లీ మొదలైన నీది ఒకే సర్వీసు కాదని ఎలా అంటారు? ఆ కాగితం తెచ్చి నీ ఫైల్లో పెడతాను. ఎవడూ కాదనలేడు. నాకు తెలిసి ఇలాంటి అవకాశం ఇంకెవరికీ రాలేదు."

"కాదని రాస్తే?"

"పెరుగు రోజూ కొత్తదే, నిన్నటితో సంబంధం లేదని రాసినట్టు. అప్పుడు నువ్వూ అంతే." ఫైలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆ పూట నాకు భోజనం సయించలేదు. అబద్ధం ఎందుకు, నా జీతం దగ్గర నుంచి ఇంటి అద్దె దాకా, పిల్ల కాలేజీ దాకా అన్నీ ఆలోచించాను. పైగా ఆ పెరుగు నిజంగా అదే పెరుగు. నేను నిజం రాస్తే చాలు, నాకు ఉద్యోగం వస్తుంది. నిజం రాసి బాగుపడే రోజు మా ఆఫీసులో ఎవరికైనా వస్తుందా?

సాయంత్రం చెల్లాయమ్మ పాలు తెచ్చింది. నేను వేలు పెట్టి చూసి, తోడు కలిపి, కుండకు గుడ్డ కట్టాను. ఆవిడ నా చెయ్యి వంక చూసి నవ్వింది.

"నీ సెయ్యి కుదిరిందయ్యా. మా అత్తగారు ఇంతే, నెమ్మదిగా కలిపేది. నిన్నటి మీగడ మా వీధోళ్లు సూపించారు. మా కొట్టు పెరుగులాగే ఉంది."

అది విని నాకు సంతోషం వేసింది. ఆ వెంటనే సిగ్గు వేసింది. లోపలికి వెళ్లి వాంగ్మూలం రాశాను.

'తోడు వేసిన పిదప రాత్రి అంతయు సదరు పదార్థము పాలు కాదు, పెరుగు కాదు. ఆ విరామముతో పూర్వపు పెరుగు యొక్క కాలము ముగియుచున్నది. ఉదయమున ఏర్పడునది పూర్తిగా కొత్త పెరుగు. దానికి పూర్వపు పెరుగుతో ఎట్టి సంబంధమును లేదు.' కింద సంతకం పెట్టాను.

సారు చదివి చాలా ముచ్చటపడ్డారు. "విరామము! ఎంత బాగా అందింది నీకు!" అన్నారు. జిల్లావాళ్లకు ఇంకా బాగా నచ్చింది. మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నానికే కేసు ఎత్తేశారు. పదకొండు వందల నలభై ఇళ్ల నోటీసులూ రద్దయ్యాయి. కొట్టు తాళం నేనే తీశాను. కుండ చెల్లాయమ్మ చేతికిచ్చి రసీదు తీసుకున్నాను. ఆవిడ మూత తీసి వాసన చూసింది. కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రమే నన్ను విధుల్లోంచి తప్పించారు.

ఏప్రిల్ ఒకటిన ఏ ఉద్యోగమూ లేనివాడిగా కొట్టుకు వెళ్లాను. జనం కిక్కిరిసి ఉన్నారు. చెల్లాయమ్మ అందరినీ పక్కకు జరిపి నాకు ముంతలో పైమీగడ వేసి ఇచ్చింది.

"ఆపీసుకెళ్లలేదేటి బాబూ?"

"ఇవాళ నాకు విరామమండి."

"నువ్వు రాసిన కాయితం మా వీధి మేష్టారు సదివి సెప్పారు. నా కోసం రాసేవని తెలుత్తానే ఉంది." ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "కానీ బాబూ, రోజూ కొత్తదంటే నేనొప్పను. తోడుకునేదాకా ఆ రేతిరంతా అదేటో ఎవుడికీ తెలవదు, నిజమే. పొద్దున్న లేచి సూత్తే ఆ పెరుగే. మా అత్తగారి పెరుగే."

"అవునండి," అన్నాను. ముంత ఖాళీ చేసేదాకా తల ఎత్తలేదు.

రెండో తారీఖున కొత్తగా చేరాను. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది జిల్లా కార్యాలయం మెమో. 'శ్రీ తాతారావు తమ వాంగ్మూలములో స్వయముగా ధ్రువీకరించిన సూత్రము ప్రకారము, విరామము తరువాతి సేవకు పూర్వపు సేవతో ఎట్టి సంబంధమును లేదు. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది.' రెండోది చార్జి లిస్టు. పూర్వ ఉద్యోగి తాతారావు, నూతన ఉద్యోగి తాతారావుకు బీరువా తాళాలు, రిజిస్టర్లు, స్టాంపు అప్పగించినట్టు ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఏటా చేసేదే. ఇచ్చినవారి దగ్గర ఒకటి, పుచ్చుకున్నవారి దగ్గర ఒకటి పెట్టి సారుకు పంపాను.

అయిదు నిమిషాల్లో ఆయన నన్ను పిలిచారు. నిలబెట్టే మాట్లాడారు.

"తాతారావూ, ఈ రెండు సంతకాలూ అచ్చు ఒకేలా ఉన్నాయి. జిల్లావాళ్ల మెమో వచ్చాక ఇది కుదరదు. ఒకే మనిషి రెండు చోట్లా చేశాడని ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు. కొత్తగా చేరినవాడివి నువ్వు కాబట్టి, నీది మార్చుకో."

పదిహేడేళ్లుగా పెడుతున్న సంతకం కొట్టేసి, పక్కన ఇంకోలా పెట్టాను. నాలుగు రోజులైంది. కొత్త సంతకం ఇంకా చేతికి రావడం లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా పాత ఫైలు అట్టల మీద పెట్టి నేర్చుకుంటున్నాను.